మీ కారును నడుపునవి ఏ చక్రములు?

పల్లెలలో కార్లు, జీపులు నేడు క్రొత్త కాదు. అయినను, తన బండిని నడుపునవి ముందు చక్రములా, వెనుక చక్రములా అని అడిగినచో తడుముకొనువారే ఎక్కువ. కారు బురదలో దిగబడిననాడు ఈ సంగతి తెలియనివారు ఊరక తిరుగు చక్రములను వదలి, వేరొక చక్రముల క్రింద రాళ్ళు పేర్చుచు ప్రొద్దు పుచ్చుదురు.

బానెట్ ఎత్తి ఇంజను ఎట్లున్నదో చూడుడు. అంబాసిడర్‌లో అది నిడివిగా ఉండును. దాని బలము గేరుబాక్సు నుండి, కారు అడుగున పోవు పొడవాటి షాఫ్టు ద్వారా వెనుక ఇరుసు చేరును. అచ్చటి పళ్ళచక్రములు ఆ తిరుగుడును అడ్డముగా మరల్చును. ఈ కారు తయారీ 2014లో ఆగినను, ఆ పద్ధతి జీపులలోను, లారీలలోను కలదు.

1983లో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డముగా ఉండును. ఇరుసు కూడ అడ్డమే గనుక తిరుగుడును మరల్చ పని లేదు, పొడవాటి షాఫ్టు అక్కర లేదు. ముందు చక్రములే బండిని లాగును. 1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఈ పద్ధతికి పేరు తెచ్చినది. గేర్లను ఇంజను క్రింది నూనె తొట్టిలోనే ఇమిడ్చి, పదడుగుల కారులో నలుగురికి చోటు కల్పించెను. అడ్డపు ఇంజనులన్నియు ముందు చక్రములనే త్రిప్పునని మాత్రము అనుకొనరాదు. 2018 వరకు తయారైన నానోలో ఇంజను వెనుక, నడుపు చక్రములును వెనుకనే.

రైతునకు ముఖ్యమైనది బరువు. నడుపు చక్రముపై బరువున్ననే పట్టు. ఖాళీ అంబాసిడర్‌లో ఇంజను బరువు ముందు, పని వెనుక. అందుచే బురదలో వెనుక చక్రములు జారును. డిక్కీలో రెండు బస్తాలు వేసిన పట్టు చిక్కును. ముందు చక్రముల కారునకు ఇది తారుమారు. డిక్కీ నింపి జారుడు గట్టు ఎక్కించినచో, వెనుక బరువెక్కువైన ఎడ్లబండి కాడి పైకి లేచినట్లు, ముందు చక్రములు తేలికై ఊరక తిరుగును. బస్తాలను ముందుకు జరుపుడు. గట్టు పొట్టిదైనచో, వెనుక ఒక మనిషిని ప్రక్కగా నిలిపి దారి చూపించుకొనుచు, రివర్సు గేరులో ఎక్కించి చూడవచ్చును. అప్పుడు పల్లపు వైపునున్న ముందు చక్రములపై బరువు పడును.

పాత జీపులలో ముందు ఇరుసును కూడ కలుపు లివరు ఒకటి కలదు. దీనిని బురదలోనే వాడవలెను. మలుపులో ముందు చక్రములు వెనుకవాటికంటె ఎక్కువ దూరము తిరుగును. బురదలో ఆ తేడా జారుటతో సరిపోవును. పొడి తారు రోడ్డుపై టైర్లు అరిగి, పళ్ళచక్రములపై ఒత్తిడి పడును. కావున రోడ్డెక్కగానే లివరును మరల రెండు చక్రముల స్థానమునకు మార్చుడు.