అగ్నిలో పడిన తాతగారి తుపాకి

గత వేసవిలో మా సంఘ సభ్యులొకరు గోనెసంచి యొకటి భుజమున వేసికొని మా మకామునకు వచ్చిరి. సంచిలో నున్నది రెండు గొట్టముల తూటా తుపాకి. తాతగారు కొన్నది, తండ్రిగారు లైసెన్సుతో వేరుశనగ చేల కావలికి వాడినది. తండ్రిగారి యనంతరము వీరు తమ పేర లైసెన్సు పొందిరి. ఆ మాసముననే పూరిల్లు అంటుకొనగా తుపాకియు బూడిదలో పడినది. కట్టె సగము బొగ్గయ్యెను. నీళ్లు చల్లినందున ఇనుము త్రుప్పెక్కెను. "నాయన చేతి వస్తువు. ఎట్లైనను బాగుచేయించుడయ్యా" అని వారు కోరిరి.

మాకు విత్తనముల సంగతి తెలియునుగాని తుపాకుల సంగతి తెలియదు. అయినను ఊరకుండక, కిరసనాయిలులో నానబెట్టి, సన్నని ఇనుపపీచుతో తోమి, నూనె రాయుడని చెప్పితిమి. పది దినములలో గొట్టములు నిగనిగలాడినవి. కట్టె ఒక్కటి మార్చిన చాలును, పేల్చవచ్చునని మేమే అంటిమి. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

అదృష్టవశమున కట్టె కొఱకు పట్టణములోని లైసెన్సు గల తుపాకి పనివాని యొద్దకు పోవలసివచ్చినది. ఆ వృద్ధుడు నిగనిగలను చూడనేలేదు. మొదట తుపాకిని విఱిచి లోపల తూటా లేదని నిశ్చయించుకొనెను. పిదప గొట్టములను విడదీసి, కొక్కెమునుండి వ్రేలాడదీసి, వ్రేలితో తట్టెను. కుండ కొనువారు తట్టి చూతురు గదా, అట్లే. గంటవలె మ్రోగవలసినది, బీటవారిన కుండవలె పలికినది.

కారణము నాతడే చూపెను. రెండు గొట్టములను కలుపు పట్టీని సీసము, తగరము కలిసిన మాటుతో అతుకుదురు. అట్టి మాటు 183 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగనారంభించును. పట్టీ క్రింద ఆవగింజలవంటి తెల్లని పూసలు గడ్డకట్టి యుండెను. మేము పది దినములు తోమియు వానిని గమనింపలేదు.

మాటు తిరిగి వేయవచ్చును. అసలు చిక్కు మఱియొకటి. కమ్మరి కొడవలిని కాల్చి నీట ముంచి గట్టిపఱచును. ఇల్లు కాలినప్పుడు బూడిదలో దొరకిన కొడవలితో కోత కోసినవారికి దాని సంగతి తెలియును: రెండు మళ్లు కోయకమునుపే అంచు మడతపడును. తుపాకి గొట్టము ఇనుము స్వతహాగా కొంత మెత్తనిదే గాని, స్ప్రింగులు, సూది, గొట్టమును బిగించి పట్టు గడియ పదునుమీద ఆధారపడినవి. గడియయున్న చోటు ఆకురాయి క్రింద మైనమువలె తెగినది. తూటా పేలినపుడు లోపల చదరపు అంగుళమునకు సుమారు 10,000 పౌనుల ఒత్తిడి కలుగును. గడియ జారినయెడల తుపాకి తెఱచుకొనును. పేల్చువాని ముఖము అక్కడనే యుండును.

"మఱల పదును పెట్టరాదా?" అని మా సభ్యులడిగిరి. పాత ఇనుము ఏ పాళ్లదో తెలియక కాల్చి ముంచిన వంకరపోవచ్చును, పగులవచ్చును. పైకి కనబడక పోవచ్చును కూడ. తాను ఆ పని చేయనని అతడు ఖండితముగా చెప్పెను. వారు చాలసేపు పలుకలేదు.

ఇక్కడ నాటు తుపాకులు గలవారికి ఒక మాట. గొట్టము మూతినుండి మందు కూరు తుపాకి అగ్నిలో పడినయెడల లోపల మందు మిగిలియుండవచ్చును. దానిని మీరు కదపక పోలీసు స్టేషనుకు తెలియజేయుడు. మఱియు 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి తండ్రి లైసెన్సు కుమారునకు తనంతట సంక్రమింపదు. తన పేర లైసెన్సు వచ్చువఱకు ఆయుధమును పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వర్తకునియొద్ద గాని అప్పగింపవలెను. పేలదుగదా యని గోడకు తగిలించినంత మాత్రమున లైసెన్సు అక్కఱలేదని తలపరాదు. లైసెన్సున్నను అడవిపందిని ఇష్టము వచ్చినట్లు కాల్చుటకు 1972 నాటి వన్యప్రాణి చట్టము ఒప్పదు. అటవీశాఖ అనుమతి కావలెను. పందులకని దొంగతనముగా కరెంటు తీగ పెట్టువారి సంగతి చెప్పనే వలదు. ఆ తీగ పందికిని పక్క చేని రైతుకును భేదము చూపదు.

తుదకు మా సభ్యులు తుపాకిని జ్ఞాపకార్థము నిలుపుకొన నిశ్చయించిరి. అధికారుల అనుమతి వచ్చిన పిదప పనివాడు దానిని పేలకుండ చేసి, త్రుప్పు తీసి, క్రొత్తగా మాటువేసి పట్టీ నిలిపెను. కట్టెకు టేకు తెచ్చియిచ్చితిమి. చెక్కుటకు ముందు మా సభ్యులు అతని చేయి పట్టుకొని, పాత కట్టెలో తండ్రిగారి చెంప ఆనినచోట కాలక మిగిలిన నాలుగంగుళముల ముక్కను పాఱవేయవలదనిరి. అతడు దానిని క్రొత్త టేకులో గూడు తొలిచి అతికెను. రంగు కలియలేదు. కలుపనా యని అతడడుగగా, అక్కఱలేదనిరి.