వేటయమ్ము: పింజ మరుగు

ఆంధ్రప్రబంధములందు వేటవర్ణనలకు కొదువ లేదు. పెద్దన మనుచరిత్రమునందలి స్వరోచి వేటయు, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమునందలి తిన్నని వేటయు విద్యార్థులెల్లరు చదువుచున్నవే. వానిని బోధించునపుడు మనము వింటిని గూర్చియు, ములికిని గూర్చియు, వేటకుక్కలను గూర్చియు కొంత చెప్పుదుము. అమ్ము తోకకు గట్టిన ఈకలను గూర్చి మాత్రము ఏమియు చెప్పక దాటిపోవుదుము. కాని వేట ఫలించుటయు చెడుటయు పెక్కుమారులు ఆ ఈకలమీదనే ఆధారపడియున్నది. వాని పనియేమి, వానిని మృగమునకు కానరాకుండ చేయుట యేల, ఆ మరుగునకు మన కావ్యభాషతో గల సంబంధమేమి అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట పేర్లను చూతము. అమ్మునకు గట్టిన ఈకను తెలుగున గఱి యందురు. ఈకలు గట్టిన తోకభాగము పింజ. సంస్కృతమున ఈకకు పక్షము, వాజము అను పేర్లును, తోకభాగమునకు పుంఖము అను పేరును కలవు. అమరసింహుడు బాణమునకు చెప్పిన పేర్లలో పత్రి, ఖగము అనునవి పక్షికిని చెల్లును. ఱెక్కలు గలది కావున అమ్మును పక్షిగా భావించిరన్నమాట. గ్రంథములు పుంఖానుపుంఖములుగా వెలువడుచున్నవని మనము నేడును వ్రాయుచున్నాము. ఒక యమ్ము పుంఖమును వెన్నంటి మరియొక యమ్ము పుంఖము పోవునట్లు ఎడతెగక ప్రయోగించుట ఆ మాటకు మూలార్థము. కావ్యములలో పింజ పింజ గఱచుట యనునదియు ఇట్టి పలుకుబడియే. మాట మిగిలినది, దానికి మూలమైన వస్తువు మాత్రము మన కన్నులకు దూరమైనది.

ఇక ఈకల పని. వింటిని వీడిన కోల మొదట కొంచెము వంగుచు, ఊగుచు పోవును. తోకనున్న ఈకలు గాలిని ఒరసికొనుటవలన వెనుకభాగము వెనుకనే నిలిచి, ములికి ముందు నడచును. సాధారణముగా మూడు ఈకలను సమదూరమున కట్టుదురు. పక్షి కుడిఱెక్క యీకకును ఎడమఱెక్క యీకకును వంపు వేరు. కనుక ఒక యమ్మునకు ఒకేవైపు ఱెక్క యీకలను వాడవలెను. అప్పుడా వంపు కోలను తిరుగునట్లు చేయును. తిరుగుటవలన గతి స్థిరపడును. ఈక వెడల్పైన కొలది కోల త్వరగా కుదుటపడును. కాని వెడల్పైన ఈక వేగమును హరించును, గాలిలో ఎక్కువ చప్పుడు చేయును, కంటికిని ఎక్కువగా కనబడును. అమ్మును చక్కగా నడపు గుణమే అమ్మును పట్టి యిచ్చు దోషమగుచున్నది. వేటగాని చిక్కంతయు ఇందే కలదు.

చప్పుడు సంగతి లెక్కవేసి చూడవచ్చును. అమ్ము సెకనుకు 45 మీటర్ల వేగమున పోవుననుకొందము. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 30 మీటర్ల దూరముననున్న జింకను చేరుటకు అమ్మునకు సెకనులో మూడింట రెండుపాళ్లు పట్టును. నారి మ్రోత సెకనులో పదవవంతు గడువకముందే దాని చెవి సోకును. ఆ నడిమి వ్యవధిలో జింక కాళ్లు ముడిచి, గంతుకు సిద్ధమై, అమ్ము త్రోవనుండి క్రిందికి తొలగగలదు. 12 మీటర్లకు చేరినచో అమ్మునకు పట్టు కాలము సెకనులో నాల్గవవంతునకు కొంచెమే మించును. కనుక వేటగాడు దగ్గరకు చేరవలెను. దగ్గరకు చేరవలెనన్న కనబడరాదు.

కనబడుటలో పింజ పాత్ర యెట్టిదో చూతము. అమ్ములపొదిలో కోలలు ములికి క్రిందుగా నుండును. పింజలు పైకి నిలుచును. రఘువంశము రెండవ సర్గమున సింహమును కొట్టబోయిన దిలీపుడు పొదినుండి అమ్ము తీయబోగా వ్రేళ్లు పుంఖమునకే అంటుకొనిపోయినవని కాళిదాసు చెప్పుట ఇందులకు తార్కాణము. పొది యనగా సాధనములను ఇమిడ్చి దాచునది. మంగలిపొది యందు ఆ అర్థము నేటికిని స్పష్టము. కాని అమ్ములపొది దాచునది ములికిని. పింజ బయటనే నిలిచి, వేటగాడు మెదలినప్పుడెల్ల అతని భుజముమీద కదలుచుండును.

మైలవరము చుట్టునున్న కొండపల్లి గుట్టల అడవిని తలచుకొందము. అది వేసవికి ముందు ఆకురాల్చు అడవి. ఆకు రాలిన పిదప నేలయు, మ్రానులును బూడిదవన్నె, మట్టివన్నె దాల్చును. అట్టిచోట డెల్టా పొలములలో దొరకు కొంగ యీకను అమ్మునకు కట్టినచో అది దీపమువలె తెలిసిపోవును. గిట్టలుగల మృగములు ఎఱుపు, పచ్చ భేదములను మనవలె గుర్తింపలేవు. కాని తెలుపు తళుకును, అంతకంటె ముఖ్యముగా కదలికను, వెంటనే పసిగట్టును. పక్షుల చూపు మనకంటెను రంగులను ఎక్కువగా ఎఱుగును. కావున రంగుకంటె మెఱపును, మెఱపుకంటె కదలికను మరుగుపఱచుట ప్రధానము.

ఇందులకు గల ఉపాయములు నాలుగు. మొదటిది, మసకవన్నె యీకను ఎన్నుకొనుట. రెండవది, తెల్లని యీకకు వన్నె వేయుట. పెడన కలంకారీ పనివారు నూలుబట్టపై కరక్కాయను, ఇనుపనీటిని కలిపి నలుపు సాధింతురు. ఈకయు ఇట్టి వన్నెను పట్టగలదు. మూడవది, పొదిపైకి నిలిచిన పింజలకు బట్టతోనో తోలుతోనో ముసుగు వేయుట. ఈ ముసుగు వానకును అడ్డము. తడిసిన యీక కోలకు అంటుకొనిపోయి తన పని చేయజాలదు. అయితే ముసుగు ఈకలను నలుపరాదు, తీయునపుడు గలగలలాడరాదు. నాల్గవది, పొదిని భుజముపైగాక నడుముచెంత కట్టి, పింజలను ఒడలి మరుగున నుంచుట. నారిని ఆకర్ణాంతము లాగినపుడు ఎదుటనున్న మృగమునకు ఈకల అంచులే కనబడును; ప్రక్కనున్న దానికి వాని వెడల్పంతయు కనబడును. కావున గుంపులో ప్రక్కకు నిలిచిన మృగము చూపునే వేటగాడు ఎక్కువగా కనిపెట్టియుండవలెను.

ఇప్పుడు కావ్యములకు మరలుదము. ఇతిహాసములలోని యుద్ధవర్ణనలందు అమ్ములు స్వర్ణపుంఖములు, రుక్మపుంఖములు. యోధుని అమ్ము దాగదు. తన్ను ప్రయోగించిన వానిని చాటును. విక్రమోర్వశీయమున మణిని ఎత్తుకొనిపోయిన పక్షిని కూల్చిన అమ్ముపై ఆయువు పేరు చెక్కబడియుండుటయు, దానివలననే పురూరవునకు కుమారుని జాడ తెలియుటయు ప్రసిద్ధములు. ఆటయమ్మును నేడు ఇట్టిదే. 2023వ సంవత్సరమున హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతిసురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది. అట్టి పోటీలలో వాడు ప్లాస్టిక్ ఱెక్కలకు మెఱయు రంగులుండుట దోషము కాదు, పాటకాండ్రకు సౌకర్యము. వేటయమ్ము ఒక్కటియే దాగవలసినది. కంకపత్రమను ప్రసిద్ధబాణమునకు ఈకనిచ్చిన కంకము ఏ పక్షియో యన్న విషయమున అభిప్రాయభేదమున్నను, అమరుడు దానికి లోహపృష్ఠమని పేరు చెప్పుట గమనింపదగినది. ఇనుపవన్నె వీపుగల పక్షి యని గ్రహించినచో, బంగారము పుంఖమునకు కవియో రాజో తొడిగిన అలంకారము. ఈక సహజముగా మసకదియే యనవచ్చును.

దీనినుండి పరిశోధకులకు ఒక గీటురాయి లభించును. వేటఘట్టమున పుంఖములు మెఱయుచున్నచో కవి యుద్ధభూమి భాషను అడవికి తెచ్చినాడని తలపవచ్చును. పొంచుట, మాటు వేయుట, దీమమును నిలుపుట అను మాటలు వచ్చినచో అడవివారి పలుకు అతని చెవిని సోకినదని తలపవచ్చును. రెండును కలిసిన పద్యములును ఉండును. వానిని పాలు వేరుపఱచి చదువవలెను. ఇది నిర్ణయము కాదు, పరీక్షింపవలసిన సూచన.

ఈ పరీక్షకు కావలసిన సామగ్రి గ్రంథాలయములలోనే దొరకదు. హైమన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథము నల్లమల చెంచుల జీవితమును వివరించినది. కాని తెలుగు పారిభాషికపదముల సేకరణ మన శాఖల పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము పిదప వేట నిషిద్ధమైనది, అది న్యాయమే. వేట నిలిచినపుడు వేటమాటలును నోళ్లనుండి జారిపోవుట సహజము. వింటిని ఎఱిగిన వృద్ధులనుండి పింజ కట్టు దారమునకు, పింజ ముసుగునకు, కుడియెడమ ఈకలకు గల పేర్లను వ్రాసికొనుటకు ఏ మృగమును చావనక్కరలేదు. ఆ పేర్లు చేరిననాడు మన నిఘంటువులలో బాణపుటీక యని ఒక్కమాటతో ముగిసిన గఱి యను పదమునకు సరియైన వివరణ వ్రాయగలుగుదుము.