పూర్ణత్వమును దెలుపు ఇంగ్లీషు మాటలు

ఇంగ్లీషు వ్రాయ నేర్చిన క్రొత్తలో విద్యార్థులకు పెద్ద మాటలయందు మక్కువ మెండు. ‘పర్‌ఫెక్ట్’, ‘సర్టెన్’, ‘ఆబ్సొల్యూట్’, ‘ఆల్‌మైటీ’ అను మాటలలో నొకటియైన లేని వ్యాసము మా బల్లమీదికి వచ్చుట అరుదు. ఇవి పూర్ణత్వమును, నిశ్చయమును, మేరలేని శక్తిని దెలుపునవి. వీని యర్థమును నిఘంటువునందు చూచి కంఠస్థము చేసిన చాలదు. అవి యెట్లు పుట్టినవో, ఎంతవరకు చెల్లునో యెఱుగవలెను. అందుకొఱకే యీ కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

మొదట పూర్ణత్వమును గూర్చి చెప్పుదుము. ‘కంప్లీట్’ అను మాట నిండించుట యను అర్థముగల లాటిను క్రియనుండి వచ్చినది. ఆ లాటిను ధాతువును మన ‘పూర్ణ’ శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషావేత్తలు నిర్ణయించిరి. ‘పర్‌ఫెక్ట్’ అనగా తుదముట్ట చేయబడినది. నిండిన కుండ మఱింత నిండదు. కావున ఇట్టి మాటలకు ‘మోర్’, ‘మోస్ట్’ చేర్పరాదని వ్యాకరణము బోధించుచున్నది. అయినను 1787వ సంవత్సరమున వ్రాయబడిన అమెరికా రాజ్యాంగ పీఠికలో ‘మోర్ పర్‌ఫెక్ట్’ అని యున్నది. అచ్చట పూర్ణత్వమునకు మఱింత చేరువైనదని భావము.

ఒక ఇంగ్లీషు మాటకు ఎల్లచోట్ల ఒకే తెలుగు మాట సరిపడదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలునందు ఆదికాండము 17వ అధ్యాయమునను, మత్తయి సువార్త 5వ అధ్యాయమునను ‘పర్‌ఫెక్ట్’ అనియే యున్నది. మన తెలుగు బైబిలు మొదటిచోట ‘నిందారహితుడు’ అనియు, రెండవచోట ‘పరిపూర్ణులు’ అనియు చెప్పుచున్నది. మొదటిచోటనున్న హెబ్రీ మాటకు లోపము లేనిదని యర్థము గనుక ఆ భేదము తగియున్నది. మన భాషయందును చిత్రమొకటి కలదు. ఇంట బియ్యము లేనప్పుడు మన తల్లులు ‘బియ్యము నిండుకొన్నవి’ అందురు. లేదనుట అశుభమని, లేమిని నిండుదనముగా పలుకుదురు. సందర్భము నెఱుగని పరదేశి ఆ మాట విని గాదె నిండినదని సంతసించును.

ఇక నిశ్చయము. ‘సర్టెన్’ అను మాటకు మూలమైన లాటిను ధాతువునకు జల్లించుట, వేఱుపరచుట అని యర్థము. మన యిండ్లలో గింజలను చేటలో చెరిగి పొట్టును పోగొట్టినట్లు, సందేహములను చెరిగివేసిన పిమ్మట మిగిలినదే నిశ్చయము. అయితే ‘ఎ సర్టెన్ మాన్’ అన్నచో నిశ్చయమైన మనుష్యుడు కాడు, ఎవడో యొకడు. ఈ చోటున ప్రతి సంవత్సరమును కొందఱు బాలురు పొరపడుచున్నారు.

మేమును ఈ మాటతో పొరపడితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు మాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, మావాడు పరీక్షలో తప్పక గట్టెక్కునా?” అని యడిగెను. బాలుని ఇంగ్లీషు మార్కులు మాకు తెలియును గాని, లెక్కల సంగతి ఆ పాఠము చెప్పువారి నడుగలేదు. అయినను “నిశ్చయముగా” అంటిమి. ఆయన మా మాట నమ్మి, పై చదువునకని కాడియెడ్లను అమ్మెను. బాలుడు లెక్కలలో తప్పెను. ఆ యేడు ఆ రైతు అద్దె యెడ్లతో దుక్కి దున్నించుకొనెను. మఱుసటి సంవత్సరము బాలుడు గెలిచెను గాని యెడ్లు తిరిగి రాలేదు. ఆయన మమ్మొక మాటయు అనలేదు. చెరుగకయే గింజ యని చెప్పిన తప్పు మాదే.

కడపట శక్తిని గూర్చిన మాటలు. ‘ఆల్‌మైటీ’ అనగా సర్వశక్తిగలవాడు. ఈ యొక్క మాటను తెలుగు బైబిలు ఆదికాండమున ‘సర్వశక్తిగల’ అనియు, ప్రకటన గ్రంథమున ‘సర్వాధికారి’ అనియు తెలిపినది. శక్తి వేఱు, అధికారము వేఱు. మత్తయి సువార్త చివరి యధ్యాయమున 1611 నాటి ఇంగ్లీషు ప్రతిలో ‘పవర్’ అనియున్న మాటను 1881లో సవరించినవారు ‘అథారిటీ’ అని మార్చిరి. మన తెలుగునందు అచ్చట ‘సర్వాధికారము’ అనియే యున్నది.

‘ఆబ్సొల్యూట్’ అనగా కట్లనుండి విడిపింపబడినది. ఏ షరతునకును లోబడని రాజరికమును ‘ఆబ్సొల్యూట్ మానర్కీ’ అందురు. మన లక్సెట్టిపేట నాడు నిజాము రాజ్యమునందుండెను. 1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి ఫర్మానా రాజ్యమున చట్టముగా చెల్లెడిది. ప్రజల కంటికి ఆ యధికారము మేరలేనిదే. కాని 1926లో వైస్రాయి రీడింగు ప్రభువు ఆయనకు లేఖ వ్రాసి, బ్రిటిషు ప్రభుత్వమే పైయధికారమని స్పష్టపరచెను. 1948 సెప్టెంబరు 17వ తేదీతో ఆ రాజరికపు స్వతంత్రాధికారమును అంతరించెను. 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగపు పీఠికలో ‘సావరిన్’ అను మాట కలదు. అన్నిటికిని పైనున్నదని దాని మూలార్థము. తెలుగున ‘సర్వసత్తాక’ అందుము. ఆ పీఠిక రాజు పేరిట గాక ప్రజల పేరిట వ్రాయబడినది. అందును అధికారము చట్టమునకు లోబడియే యుండును.

కావున విద్యార్థులారా, పని తుదముట్టిన పిమ్మట ‘కంప్లీట్’ అని వ్రాయుడు. విచారించి చూచిన పిమ్మట ‘సర్టెన్’ అని పలుకుడు. ఏ నరుని యధికారమునైనను ‘ఆబ్సొల్యూట్’ అని వ్రాయుటకు ముందు, దానికి మేర యెక్కడనున్నదో వెదకుడు. ‘ఆల్‌మైటీ’ యను మాటను ప్రార్థనకు విడిచిపెట్టుడు. తలిదండ్రులారా, మీ పిల్లల చదువును గూర్చి ఉపాధ్యాయుడు ‘నిశ్చయముగా’ అని చెప్పినయెడల, “ఎట్లు తెలిసినది?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు మేము కోపింపము.