వార్తల్లో పదం: సరఫరా భద్రత

దేశంలో చాలినంత దొరకని తిండిగింజలు, ముడిసరకులు కరవు కాలంలోనూ ఆగకుండా అందేలా ముందే చేసుకునే ఏర్పాటే సరఫరా భద్రత. దీనికి ముఖ్యమైన దారులు రెండు: దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలు, విదేశాల్లో పెట్టుబడులు.

రెండింటికీ మొజాంబిక్‌ ఉదాహరణ. కందిపప్పు ధర మండిపోయాక, 2016లో మన ప్రభుత్వం ఆ దేశంతో అయిదేళ్ల ఒప్పందం చేసుకుంది. ఏటా దిగుమతిని లక్ష టన్నుల నుంచి క్రమంగా 2 లక్షల టన్నులకు పెంచాలన్నది లక్ష్యం. 2021లో ఆ ఒప్పందాన్ని మరో అయిదేళ్లు పొడిగించారు. అక్కడే బెంగా బొగ్గు గనిలో విదేశీ గనుల సంస్థ రియో టింటోకు ఉన్న వాటాను 2014లో ఐసీవీఎల్‌ 5 కోట్ల డాలర్ల ఒప్పందంలో కొంది. ఈ ప్రభుత్వరంగ ఉమ్మడి సంస్థలో విశాఖ ఉక్కుకు, హైదరాబాద్‌ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీకి వాటాలున్నాయి. బ్లాస్ట్‌ ఫర్నేస్‌ పద్ధతిలో ఉక్కు తయారీకి కోకింగ్‌ బొగ్గు తప్పనిసరి. అందులో మేలురకం మన దగ్గర తక్కువ.

అయితే ఒప్పందం ఉన్నంత మాత్రాన ఓడ కదలదు. 2023 చివర్లో వ్యాపార వివాదంతో మొజాంబిక్‌లోని నకాలా రేవులో కందుల ఎగుమతి చిక్కుకుపోయింది. అలాంటి జాప్యాల భారం సికింద్రాబాద్‌ మోండా మార్కెట్‌లో పప్పు కొనే సామాన్యుడి మీదే పడుతుంది. మరోవైపు, సుంకం లేని దిగుమతులు మితిమీరితే తాండూరు కంది రైతు నష్టపోతాడు. అందుకే విదేశీ ఒప్పందం ఎంత అవసరమో, మన రైతుకు గిట్టుబాటు ధర అంతకంటే అవసరం.