కాల్వకట్ట మీద కళ్లద్దాలు

కానిస్టేబుల్ కొలువులకు నోటిఫికేషన్ పడిందంటే నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కట్టకు కొత్త సందడి వస్తుంది. హాలియా మొదలుకొని మిర్యాలగూడ, వేములపల్లి, మునగాల మీదుగా కోదాడ దాకా ఎక్కడ చూసినా పొద్దున్నే పరుగెత్తే పిల్లలే. సూర్యాపేటలోనైతే ఆ సందడి సద్దుల చెరువు కట్ట మీద. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలన్నారు. ఆ సెకన్ల కోసం బూట్ల మీద వేలు పోస్తారు. గుడ్లు, నానబెట్టిన శనగలు లెక్కపెట్టి తింటారు. కళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

పట్టించుకున్నవాడికి మాటలు తప్పవు. నల్లద్దాలు పెట్టుకుని పరుగెత్తితే ‘ఏందిరా, హీరోవైనవా’ అంటారు. అరవై దాటిన పెద్దాయన పెట్టుకుంటే ‘ఆపరేషన్ ఎప్పుడయింది తాతా’ అని అడుగుతారు. షోకుకో, శుక్లాల ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులకో తప్ప, ఎండ కోసమే అద్దాలు పెట్టుకోవడం మన ఊళ్లలో అలవాటు కాలేదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజులు చూసిన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఇది చిన్న లోటేమీ కాదు. పరుగుకు పనికొచ్చే మంచి అద్దాలు వేల రూపాయలు పెడితేనే దొరుకుతాయన్న నమ్మకం ఈ లోటును మరింత పెంచింది. ఆ నమ్మకంలో నిజం లేదు.

ముందు ఎండ సంగతి చూద్దాం. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడే కళ్లకు ముప్పు ఎక్కువని అనుకుంటాం. చర్మానికైతే అది నిజమే. కంటి లెక్క వేరు. నడిమధ్యాహ్నం కనుబొమల ఎముక, పైరెప్ప కంటికి నీడ పడతాయి. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు ఆ నీడ ఉండదు. జపాన్‌లోని కనజావా వైద్య విశ్వవిద్యాలయంలో హిరోషి ససాకి బృందం బొమ్మ తల కళ్లకు సెన్సర్లు అమర్చి రోజంతా కొలిచింది. సూర్యుడికి ఎదురుగా ఉన్న కంటిలో పడే అతినీలలోహిత (యూవీ) కిరణాలు, చలికాలం మినహా మిగతా కాలాల్లో, మధ్యాహ్నం కన్నా ఉదయం, సాయంత్రానికి ముందు వేళల్లోనే ఎక్కువని 2011లో ప్రకటించింది. సూర్యుడు దాదాపు నలభై డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అది గరిష్ఠం. మన దగ్గర ఎండాకాలంలో ఆ ఎత్తుకు సూర్యుడు చేరేది పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో, మళ్లీ దిగేది మధ్యాహ్నం మూడున్నర దాటాక.

ఆ వేళలు ఇక్కడివాళ్లకు కొత్తవి కావు. గ్రౌండ్ ముగించుకుని సైకిల్ మీదో బండి మీదో ఇంటికి మళ్లే వేళ అది. పత్తి చేలో కలుపు పనికి వంగే వేళ. కాల్వ సాగర్ నుంచి మొత్తంగా తూర్పు వైపే సాగుతుంది. సూర్యాపేట నుంచి కోదాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఆగ్నేయంగా దిగుతుంది. పొద్దున్నే విజయవాడ వైపు బండి తోలేవారిని అడగండి, ఎదురెండ ఎలా ఉంటుందో చెబుతారు.

అయితే, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి సూర్యుడు పైకొచ్చేలోపే ఇల్లు చేరేవాళ్లకు అద్దాలతో పనిలేదు. వాళ్లకు కావాల్సింది నాలుగు మెతుకులు ఎక్కువ తినడం, రెండు గంటలు ఎక్కువ నిద్రపోవడం.

ఎండ కంటిని ఏం చేస్తుందో చూడాలంటే ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా పెద్దవాళ్ల కళ్లలోకి చూస్తే చాలు. ముక్కు వైపు తెల్లగుడ్డు మీద ఎర్రటి పొర ఒకటి పుట్టి, మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకుతూ కనిపిస్తుంది. ‘కంట్లో కండ పెరిగింది’ అంటారు. వైద్యులు టెరీజియం అంటారు. మొదట మంట, ఎర్రదనం. పెరిగితే చూపు వంకరపోతుంది, నల్లగుడ్డు మధ్యకు వస్తే చూపే మరుగుపడుతుంది. ఆపరేషన్ చేసి తీసినా కొందరిలో మళ్లీ వస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన పెద్ద కంటి సర్వేలో, పల్లెల్లో ఉండేవారికీ ఆరుబయట పనిచేసేవారికీ ఈ కండ ఎక్కువగా వస్తోందని తేలింది. శుక్లాలకు వయసు, చక్కెర జబ్బు, పొగ వంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏళ్ల తరబడి కంటిలో పడిన ఎండ కూడా ఒకటి.

ఈ కండ ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు పుడుతుంది? సిడ్నీకి చెందిన నేత్రవైద్యుడు మినాస్ కొరోనియో చెప్పిన కారణం నాకు ఈ విషయమంతటిలో అతి ముఖ్యమైనదిగా తోస్తుంది. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చిన వెలుగు నల్లగుడ్డు వంపులో దూరి, కంటికి అవతలి పక్కన, అంటే ముక్కు వైపు అంచు మీద, భూతద్దం కింద కాగితం మీద పడినట్టు ఒకేచోట కుదురుకుంటుంది. ఆ చోట వెలుగు తీవ్రత సుమారు ఇరవై రెట్లు పెరుగుతుందని ఆయన లెక్క. ముందు నుంచి వచ్చే ఎండను మాత్రమే ఆపి, పక్కలు వదిలేసే చిన్న గుండ్రటి షోకు అద్దాలు ఎందుకు చాలవో దీంతో అర్థమవుతుంది. కణతల దాకా వంగి, చెంపలకు దగ్గరగా కూర్చునే అద్దాలు కావాలి. క్రీడాకారులు పెట్టుకునేవి సరిగ్గా ఆ ఆకారంలోనే ఉంటాయి. అమెరికాలో ఓక్లీ కంపెనీ 1984లో సైకిల్ పందేల వాళ్ల కోసం ముఖాన్ని చుట్టుకునే అద్దాలు తెచ్చిన తర్వాత ఆ ఆకారం ఆటలన్నిటికీ పాకింది. ఆ ఆకారానికి ఇప్పుడు ఎవరి గుత్తాధిపత్యమూ లేదు, ఏ ధరలోనైనా దొరుకుతుంది.

ఇక ధర. పరుగు అద్దాల్లో ఎక్కువ భాగం పాలీకార్బనేట్‌తో చేసినవే. ఈ ప్లాస్టిక్‌కు పుట్టుకతోనే ఒక గుణం ఉంది: అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని అదే మింగేస్తుంది. పైగా రాయి తగిలినా గాజులా పగిలి కంట్లో గుచ్చుకోదు. లారీల వెనక దుమ్ములో, మిర్యాలగూడ రైస్ మిల్లుల తవుడు ధూళిలో తిరిగేవారికి ఇది చిన్న మేలు కాదు. యూవీ రక్షణ కోసం పెద్ద ఖర్చేమీ ఉండదు. వేలల్లో ధర పలికే అద్దాల్లో మనం డబ్బు కట్టేది పేరుకు, ఫ్రేమ్ పనితనానికి, గీతలు పడని పూతకు, అంచుల దాకా వంకర లేకుండా కనిపించే నాణ్యతకు. ఇవన్నీ మంచివే. కానీ కంటిని కాపాడే అసలు పని అయిదారు వందల అద్దమూ చేయగలదు. అమెరికాలోనే 2015లో గూడర్ అనే చిన్న కంపెనీ పరుగెత్తేవాళ్ల కోసం 25 డాలర్ల అద్దాలతో మొదలై బాగా నిలదొక్కుకుంది. హైదరాబాద్‌లోని పెద్ద క్రీడా దుకాణాల్లో ఇప్పుడు వెయ్యి లోపు ధరలో పరుగు అద్దాలు దొరుకుతున్నాయి.

చవకది కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటి మాత్రం కచ్చితంగా ఉంది. అద్దం నల్లగా ఉందంటే ఎండను ఆపుతుందని కాదు. నలుపు కంటికి కనిపించే వెలుగును తగ్గిస్తుంది, అంతే. వెలుగు తగ్గగానే కంటిపాప పెద్దదవుతుంది. అద్దం యూవీని ఆపనిదైతే, విచ్చుకున్న పాప గుండా అది మరింత లోపలికి పోతుంది. అందుకే కాడ లోపలి వైపు ‘యూవీ400’ అని, దాంతోపాటు ‘క్యాట్. 3’ వంటి అంకె ఉందేమో చూడాలి. 400 అంటే 400 నానోమీటర్ల దాకా ఉన్న కిరణాలను ఆపుతుందని. క్యాటగిరీ అంకె నలుపు మోతాదును చెబుతుంది. 3 అయితే వెలుగులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి వస్తుంది, మన ఎండకు సరిగ్గా సరిపోతుంది. చెట్ల నీడలో పరుగెత్తేవారికి 2 చాలు. 4 మంచు కొండలవారి కోసం చేసినది, దాంతో బండి నడపకూడదు.

ముద్ర ఎవరైనా వేయొచ్చు కదా అంటారా? నిజమే. బస్టాండ్ ముందు చెక్క మీద అమ్మే అద్దాల మీదా ఆ అక్షరాలు కనిపిస్తాయి. చాలా కళ్లజోళ్ల దుకాణాల్లో యూవీని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. అడిగితే క్షణంలో చూసి చెబుతారు. అదీ కుదరకపోతే నోట్లు పరీక్షించే యూవీ లైటు వాడొచ్చు. అయిదొందల నోటును ఆ లైటు కింద పెడితే అందులో సన్నటి పోగులు, కొన్ని గుర్తులు మెరుస్తాయి. లైటుకూ నోటుకూ మధ్య అద్దాన్ని అడ్డం పెట్టండి. మెరుపు పోతే అద్దం పనిచేస్తున్నట్టే, మెరుస్తూనే ఉంటే ఆ అద్దం కొనొద్దు. ఇది మోటు పరీక్ష. కొన్ని లైట్ల కిరణాలు సరిగ్గా 400 అంచున ఉంటాయి కాబట్టి అనుమానం మిగిలితే మీటరు మాటే నమ్మాలి.

పరుగుకు మరో రెండు సంగతులు. ముక్కు మీదా చెవుల వెనకా మెత్తటి రబ్బరు ఉండాలి, లేకపోతే చెమట పట్టగానే జారతాయి. దుకాణంలోనే తల కిందికి వంచి గట్టిగా ఊపి చూడండి. మీ చేయి అద్దాల మీదికి పోయిందంటే అవి మీకు సరిపోవు. పైఅంచున గాలి ఆడే సందు కొంచెం ఉంటే ఆవిరి పట్టదు.

‘పోలరైజ్డ్’ అన్న మాటకు ఎక్కువ డబ్బు అడుగుతారు. అది యూవీకి సంబంధించినది కాదు. నీళ్ల మీద, తారురోడ్డు మీద పడి అడ్డంగా ఎగసే తళుకును కోసేస్తుంది. రోడ్డు మీద పరుగెత్తేవారికి లేకపోయినా నడుస్తుంది. కానీ సాగర్ జలాశయంలో పడవ మీద వలలు వేసే మత్స్యకారులకు మాత్రం ఇది కొనదగినదని గట్టిగా చెబుతాను. 590 అడుగుల మట్టం దాకా నిండిన ఆ నీటి మీద పొద్దంతా చూసే కళ్లకు తళుకే పెద్ద శత్రువు. తళుకు పోతే నీటి లోపలి రాయీ వలతాడూ కనిపిస్తాయి. కొనేముందు నీటి మెరుపును చూస్తూ అద్దాన్ని నిలువుగా తిప్పండి. మెరుపు ఒకసారి పోయి మళ్లీ రావాలి.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో లాల్ బహదూర్ కాల్వ అని పిలిచే ఈ ఎడమ కాల్వ కింద పల్లెలన్నీ వరి పల్లెలయ్యాయి. నాట్లు వేసే ఆడవాళ్ల పని గమనించండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు నిలిచిన మడిలో నడుం వంచి ఉంటారు. నెత్తిన కొంగు, తువ్వాలు పైఎండను ఆపుతాయి. మడి నీటి తళుకు కింది నుంచి వస్తుంది. టోపీ, కొంగు దాన్ని ఆపలేవు. పరుగెత్తే కుర్రాడు ఎండలో ఉండేది గంట. ఈమె ఉండేది ఏడెనిమిది గంటలు, నెలల తరబడి. పరుగు అద్దాలు అసలు ఎవరికి ఎక్కువ అవసరమో ఆ లెక్కే చెబుతోంది. వంగినా జారవు, చెమటకు తట్టుకుంటాయి, చెంపల దాకా కప్పుతాయి కాబట్టి అవి నాటు మడికి తగినవే. వెనక ఒక దారం కట్టుకుంటే బురదలో పడే భయమూ ఉండదు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’, ఊరి మధ్యకే శిబిరం తెచ్చి కళ్లజోడు చేతిలో పెట్టింది. దాంతో అద్దాలు పెట్టుకోవడం పట్ల ఉన్న బిడియం చాలామందిలో తగ్గింది. ఇప్పుడు ఆ వరసలో ఎండ అద్దాల మాట కూడా రావాలి. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. నాట్ల ముఠాలో ఇరవై మంది ఉంటారనుకుందాం. కలిపి కొంటే ఒక్కోటి మూడు వందలకే బేరం కుదురుతుంది, మొత్తం ఆరు వేలు. నాట్ల రోజుల్లో టీలు, టిఫిన్లు పెట్టే రైతు ఇంకొంచెం చేయి చాపితే, ముఠా మేస్త్రి మీటరున్న దుకాణంలో కొంటే, ఈ వానాకాలం నాట్లకే పని జరిగిపోతుంది. బురద పడ్డప్పుడు కొంగుతో పొడిగా తుడవకుండా ముందు నీళ్లతో కడిగితే అద్దం గీతలు పడకుండా మూడు నాలుగు సీజన్లు నిలుస్తుంది.