క్షయ: రక్తపరీక్ష ఎంతవరకు?

ఆనందపురం కూడలిలో పూలబుట్టలు దిగే వేళకు మేము ఒక ఇంటికి రోగిని పరామర్శించడానికి వెళ్ళాము. ఇంటి పెద్దావిడకు రెండు నెలలుగా దగ్గు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి బాగా చిక్కిపోయింది. కుమారుడు మూడు రక్తపరీక్షల కాగితాలు చూపాడు. ఈఎస్ఆర్ మొదట 95, తరువాత 70, ఇప్పుడు 60.

"తగ్గుతోంది కదా భాయీ, అమ్మీకి నయమవుతున్నట్టే!" అన్నాడు.

కళ్ళె పరీక్ష చేయించారా అని అడిగాము. ఆ మాట తమకు ఎవరూ చెప్పలేదన్నాడు.

ఈఎస్ఆర్ అంటే నిలువు గొట్టంలో పోసిన రక్తంలోని ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చెప్పే లెక్క. శరీరంలో వాపు ఉన్నప్పుడు ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను పెరుగుతుంది. అప్పుడు కణాలు నాణేల దొంతరల్లా అతుక్కొని వేగంగా దిగిపోతాయి. స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో ఈ పరీక్షను పరిశీలించింది ఊపిరితిత్తుల క్షయ రోగుల రక్తంలోనే. అందుకే కాబోలు, మన పెద్దల మనసులో ఈఎస్ఆర్, టీబీ జంటపదాలైపోయాయి. కానీ రక్తహీనత, గర్భం, కీళ్ళవాతం, వయసు, ఇవన్నీ ఆ అంకెను పెంచుతాయి. క్షయ లోపల ఉండగానే అది తగ్గనూవచ్చు. సీఆర్‌పీ సంగతీ దాదాపు ఇంతే. హిమోగ్లోబిన్, అల్బుమిన్ తగ్గడం, ప్లేట్‌లెట్లు పెరగడం క్షయలో తరచుగా కనిపిస్తాయి. రోగం శరీరాన్ని ఎంత పీల్చిందో అవి చెబుతాయి, ఆ రోగం పేరు మాత్రం చెప్పవు.

ఒకప్పుడు రక్తంలోని యాంటీబాడీలను చూసి టీబీ ఉన్నదీ లేనిదీ తేల్చే పరీక్షలు ప్రైవేటు ల్యాబుల్లో జోరుగా సాగాయి. లేని రోగాన్ని ఉన్నట్టు, ఉన్న రోగాన్ని లేనట్టు చూపుతున్నాయని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వద్దన్నది. 2012లో మన ప్రభుత్వం ఆ కిట్లను నిషేధించింది. క్రిమి ఉండేది ఊపిరితిత్తుల్లో. దానిని పట్టుకోవలసింది కళ్ళెలో. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొద్ది గంటల్లోనే క్రిమి ఉన్నదీ లేనిదీ, అది రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా లేదా అన్నదీ చెబుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. విశాఖలోని ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఈ రోగులకు పెద్ద దిక్కు.

రోగ నిర్ధారణ జరిగాక రక్తపరీక్షకు అసలైన పని మొదలవుతుంది. క్షయ రోగులందరికీ షుగరు, హెచ్ఐవీ పరీక్షలు చేయాలి. షుగరు అదుపులో లేకపోతే క్షయ త్వరగా లొంగదు. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మందులు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చూసేది అందుకే. మూత్రం నారింజరంగులో రావడం రిఫాంపిసిన్ వల్లనే, దానికి బెదరనక్కరలేదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆరు నెలల మందును మధ్యలో సొంతంగా ఆపితే క్రిమి మొండికెత్తుతుంది. రమజానులో ఉపవాసం కోసం మాత్రలు మానేసేవారిని మేము చూశాము. ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకునే వెసులుబాటు రోగికి ఖుర్ఆనే ఇచ్చింది. మందుకు అటువంటి వాయిదా లేదు.

ఆ పెద్దావిడ కళ్ళెలో క్రిమి బయటపడింది. మందులు మొదలై ఐదు వారాలైంది. పౌష్టికాహారానికి ప్రభుత్వం ఇచ్చే నెలకు 1000 రూపాయల కోసం బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారు. ఆమె పక్కనే పడుకునే మూడేళ్ళ మనవడిని కూడా పరీక్షించారు. రోగం లేదని తేలాక నివారణ మందు మొదలుపెట్టారు. కుమారుడు ఇప్పుడు ఈఎస్ఆర్ ఊసెత్తడం లేదు. రెండవ నెల చివర మళ్ళీ కళ్ళె డబ్బా ఏ రోజున తీసుకువెళ్ళాలని ఫోను చేసి అడిగాడు.