మినీడిస్క్ రికార్డింగుల బదిలీ

మినీడిస్క్ అనేది జపానుకు చెందిన సోనీ సంస్థ 1992లో విడుదల చేసిన డిజిటల్ ధ్వనిముద్రణ మాధ్యమం. జేబులో పట్టే మినీడిస్క్ రికార్డర్లతో సంగీతకారులు, పాత్రికేయులు, జానపద గేయాల సేకర్తలు తమ సొంత రికార్డింగులు చేసుకొనేవారు. అయితే డిస్కుపై డిజిటల్ రూపంలో ఉన్న ధ్వనిని అదే రూపంలో కంప్యూటరుకు చేర్చడం చాలా కాలం పాటు కష్టసాధ్యంగా ఉండేది. వాణిజ్య సంగీతపు నకళ్ళను అరికట్టడానికి ఏర్పరచిన ఆంక్షలు, రికార్డు చేసిన వ్యక్తికే చెందిన అసలు రికార్డింగులకు కూడా వర్తించడం ఇందుకు ముఖ్య కారణం.

డిస్కు, ధ్వని

మినీడిస్క్ వ్యాసం 64 మి.మీ. ఒక లేజరు కిరణం డిస్కు పొరను వేడిచేస్తుండగా, అయస్కాంత శిరము ఆ చోట సమాచారాన్ని నమోదు చేస్తుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుగా ఉండే ధ్వనిని అట్రాక్ అనే పద్ధతిలో 292 కిలోబిట్లకు కుదిస్తారు. అందువలన ఇంత చిన్న డిస్కుపై 74 నిమిషాల స్టీరియో ధ్వని ఇముడుతుంది.

ఆంక్షలు

అమెరికాలో 1992లో చేసిన చట్టం ప్రకారం డిజిటల్ ఆడియో రికార్డర్లలో నకళ్ళను నియంత్రించే ఏర్పాటు తప్పనిసరి అయింది. దీని వలన అసలు ప్రతి నుండి డిజిటల్ నకలు తీయవచ్చు గాని, ఆ నకలు నుండి మరొక నకలు తీయడం కుదరదు. అంతేకాక చాలా పోర్టబుల్ రికార్డర్లలో డిజిటల్ అవుట్‌పుట్ ఉండేది కాదు.

2001లో వచ్చిన నెట్‌ఎండీ రికార్డర్లను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలుపవచ్చు. కాని ఆ తీగ ద్వారా పాటలను కంప్యూటరు నుండి డిస్కుకు పంపడమే సాధ్యమయ్యేది. మైక్రోఫోనుతో చేసిన సొంత రికార్డింగును తిరిగి కంప్యూటరుకు తెచ్చుకొనే సౌకర్యాన్ని తయారీదారు కల్పించలేదు.

2004లో హై-ఎండీ పద్ధతి వచ్చింది. ఇందులో 1 గిగాబైటు డిస్కుపై ధ్వనిని కుదించకుండానే 94 నిమిషాలు రికార్డు చేయవచ్చు. ఆ రికార్డింగులను సోనిక్‌స్టేజ్ అనే సాఫ్టువేరు ద్వారా కంప్యూటరుకు పంపవచ్చు. తొలి రోజులలో దీనికి కూడా ఆంక్షలుండేవి, తరువాత వాటిని సడలించారు. పాత పద్ధతి డిస్కులలోని సొంత రికార్డింగులను యూఎస్‌బీ ద్వారా పంపగల సౌకర్యాన్ని సోనీ 2006లో ఎంజెడ్-ఆర్‌హెచ్1 అనే నమూనాతో కల్పించింది.

బదిలీ మార్గాలు

* అనలాగ్ మార్గం: రికార్డరు హెడ్‌ఫోను లేదా లైన్ అవుట్ నుండి కంప్యూటరు లైన్ ఇన్‌కు తీగ కలిపి, డిస్కును వినిపిస్తూ రికార్డు చేయాలి. 74 నిమిషాల డిస్కుకు 74 నిమిషాలు పడుతుంది. ధ్వని అనలాగ్‌గా మారి మళ్ళీ డిజిటల్ కావడం వలన కొంత రొద చేరవచ్చు. పాటల విభజన, పేర్లు బదిలీ కావు.
* ఆప్టికల్ మార్గం: ఆప్టికల్ అవుట్‌పుట్ గల మినీడిస్క్ డెక్కు, ఆప్టికల్ ఇన్‌పుట్ గల సౌండు కార్డు అవసరం. సమయం అంతే పట్టినా అనలాగ్ రొద చేరదు.
* యూఎస్‌బీ మార్గం: ఎంజెడ్-ఆర్‌హెచ్1 వంటి పరికరంతో సాధ్యం. 2020వ దశకంలో స్వచ్ఛంద ప్రోగ్రామర్ల సాఫ్టువేరు వలన కొన్ని నెట్‌ఎండీ పరికరాల నుండి కూడా వీలైంది.

జాగ్రత్తలు

బదిలీకి ముందు డిస్కు అంచునున్న రక్షణ మీటను జరిపితే పొరపాటున చెరిగిపోదు. డిస్కుపై ఏ పాట ఎక్కడ ఉన్నదో తెలిపే విషయ పట్టిక సాధారణంగా రికార్డింగు ఆపిన తరువాత నమోదవుతుంది. ఆ సమయంలో బ్యాటరీ తీసివేస్తే కొత్త రికార్డింగును పరికరం గుర్తించలేకపోవచ్చు. బదిలీ అయిన ధ్వనిని వేవ్ ఫైలుగా రెండు వేర్వేరు చోట్ల దాచడం మంచిది.

ప్రస్తుత స్థితి

మినీడిస్క్ వాక్‌మన్ల సరఫరాను 2011లోను, మిగిలిన మినీడిస్క్ ప్లేయర్లను 2013లోను సోనీ నిలిపివేసింది. ఖాళీ డిస్కుల ఉత్పత్తి 2025 ఫిబ్రవరితో ముగిసింది. పనిచేసే పరికరాలు తగ్గిపోతున్నందున, వేరే ప్రతి లేని కచేరీలు, ముఖాముఖీలు, జానపద గేయాలు డిస్కు చెడకపోయినా వినడానికి వీలులేకుండా పోయే అవకాశముంది.